సూదా, పంపా? ఆస్పత్రి మంచం మీద షుగర్ మనిషికి వందేళ్ల కథ

పోయిన ఎపిసోడ్ విన్నాక చాలామంది ఒకే సంగతి అడిగారు. "అన్నా, నువ్వు అమెరికాల ఉన్నవ్ గదా, ఆడ షుగరోళ్లకు నడుముకు మిషన్ పెడ్తరట, సూదులే ఉండయట, నిజమేనా?" అని. కువైట్ నుంచి ఒక తమ్ముడి వాయిస్ మెసేజ్ మాత్రం వేరేగా ఉంది. "మా క్యాంపుల ఒకాయన దవాఖాన్ల పడ్డడన్నా. రోజుకు నాలుగు సూదులు పొడుస్తున్నరు. పక్క మంచమాయనకు మిషన్ ఉన్నది. పైసల్లేనోళ్లమని మనకు గిట్ల చేస్తున్నరా?"

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. సరిగ్గా అదే అనుమానం నాకూ వచ్చింది కాబట్టి. అదీ అమెరికాలోనే, ఆస్పత్రి మంచం మీదే.

ఆడియోలో టైం చాలలేదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నా. ముందే చెప్పాలి, నేను డాక్టర్ను కాను. జగిత్యాల పక్క పల్లె నాది. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేసి, మస్కట్‌లో పదకొండేళ్లు పని చేసి, ఇప్పుడు జార్జియా రాష్ట్రంలో సైట్ సూపర్‌వైజర్‌గా ఉన్నా. మా ఇంటామె నర్సు. ఆమె ఉద్యోగం మీదే మేం ఈ దేశం వచ్చాం. వైద్యం సంగతులు ఆమె చూసి సరిదిద్దింది. మిగతాది నేను చదివి, కనిపించినవాళ్లనల్లా అడిగి తెలుసుకున్నది.

2022 డిసెంబరులో జరిగింది. షట్టరింగ్ విప్పిన చోట మేకు తొక్కాను. బూటు అడుగు దాటి లోపలికి దిగినా నాకు తెలియలేదు. షుగర్ పాతబడితే పాదం మొద్దుబారుతుంది, నొప్పి చెప్పాల్సిన నరాలు చెప్పవు. సాయంత్రం సాక్సు విప్పితే రక్తం గడ్డకట్టి ఉంది. కట్టు కట్టుకుని మర్నాడు మళ్లీ పనికి పోయా. నాలుగో రోజు చలి జ్వరం. ఎమర్జెన్సీలో చూస్తే షుగర్ 412.

ఆస్పత్రి పేరు చెప్పను. ఇద్దరేసి ఉండే గది. పక్క మంచం మీద ఒక నల్లజాతి పెద్దాయన, రిటైరైన ట్రక్కు డ్రైవరు. ఆయన నడుముకు అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద మిషన్ ఒకటి, దాని నుంచి సన్నని ట్యూబు పొట్ట మీదికి. నాకేమో భోజనం ముందు వేలు పొడవడం, అంకె చూసి చేతికి సూది. నాతో నేను అనుకున్నా, ఇన్సూరెన్సు తేడా అయి ఉంటుందని. మంచి కార్డు ఉన్నోడికి మిషన్, మామూలు కార్డోడికి సూది.

అది తప్పని తెలిసేసరికి నా చిటికెన వేలు పోయింది. ఎడమ కాలిది. దాన్ని గురించి ఎక్కువ రాయను. కానీ మంచం మీద పదకొండు రోజులున్నా కదా, ఆ రోజుల్లో మొదలైన ప్రశ్న ఇంటికొచ్చాకా వదల్లేదు. ఈ సూది ఎక్కడిది, ఈ పంపు ఎక్కడిది, ఆస్పత్రిలో పడ్డ టైప్ 2 మనిషికి ఏది మేలని ఎవరు తేల్చారు?

ముందు టైప్‌ల గొడవ ఒక్క ముక్కలో. టైప్ 1 వాళ్లకు ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే దాదాపు ఆగిపోతుంది, బయట నుంచి రాకపోతే బతకరు. మనలో ఎక్కువమందికి ఉండేది టైప్ 2. ఇన్సులిన్ ఉంటుంది, కానీ చాలదు, లేదా ఒళ్లు దాని మాట వినదు. మాత్రలతో ఏళ్లు నడుస్తుంది. కానీ కాలికి చీము పట్టినా, న్యుమోనియా వచ్చినా, ఆపరేషన్ అయినా ఒక్కసారిగా షుగర్ ఎగబాకుతుంది. ఆస్పత్రిలో మాత్రలు ఆపి ఇన్సులిన్ మొదలుపెట్టేది అందుకే చాలాసార్లు.

ఇన్సులిన్ పుట్టింది కెనడాలో, టొరంటోలో. 1921లో బాంటింగ్, బెస్ట్ కుక్కల మీద పని మొదలుపెట్టారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లాడికి మొదటి సూది. అప్పటిదాకా ఈ జబ్బుకు ఉన్న వైద్యం ఆకలి. తిండి తగ్గించి తగ్గించి మనిషిని ఇంకొన్నాళ్లు నిలబెట్టడం, అంతే. పేటెంట్‌ను కనిపెట్టినవాళ్లు ఒక్కో డాలరుకు టొరంటో యూనివర్సిటీకి రాసిచ్చేశారు. ఇండియానాపొలిస్‌లో ఎలీ లిల్లీ కంపెనీ పందుల, పశువుల క్లోమాలు కసాయిశాలల నుంచి టన్నుల లెక్కన తెప్పించి మందు చేయడం మొదలుపెట్టింది.

అమెరికాలో దీన్ని మంచం దాకా తెచ్చినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు బోస్టన్ డాక్టర్ ఎలియట్ జోస్లిన్. 1922 ఆగస్టు 7న ఎలిజబెత్ మడ్జ్ అనే నర్సుకు తన మొదటి ఇన్సులిన్ సూది వేశాడు. ఆయన దగ్గర రెండు అలవాట్లు నాకు నచ్చాయి. మనం సైట్ డైరీ రాసినట్టు ప్రతి పేషెంటు లెక్కా పుస్తకాల్లో రాసి దాచేవాడు. రెండోది, నర్సులను ఇళ్లకు పంపి, సూది ఎలా వేసుకోవాలో, ఏం తినాలో పేషెంటుకే నేర్పించేవాడు. డాక్టరు చేతిలో ఉన్న పనిని పేషెంటు చేతికి ఇవ్వడమన్న మాట. అప్పటి సూది ఏమీ సన్నది కాదు. గాజు సిరంజి, ఉక్కు సూది. రోజూ నీళ్లలో మరిగించాలి, మొద్దుబారితే సానరాయి మీద పదును పెట్టాలి. మన తాపీ పనివాళ్లు ఉలికి పదును పెట్టుకున్నట్టు.

ఇక్కడ మనాయన ఒకరిని తలుచుకోకుండా పోలేను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. లిల్లీ ఇన్సులిన్ అమెరికా అంతటా అమ్మకానికి వచ్చిన సంవత్సరమే అది. మద్రాసులో వైద్యం చదివిన మనిషి, హార్వర్డులో చదువుకుంటూ, పూట గడవడానికి అక్కడే ఆస్పత్రిలో రాత్రి పోర్టరుగా పని చేశారు. తర్వాత ఆయన చేసిన పరిశోధనల గురించి మన పాత ఎపిసోడ్‌లోనే చెప్పుకున్నాం. నేను చెప్పేది ఆ పోర్టరు పని గురించి. ఆ రోజుల్లో షుగర్ వార్డు నడిచిందే మూత్రం సీసాల మీద. రక్తం చుక్కతో చూసే మిషన్లు లేవు. మూత్రంలో బెనడిక్ట్ ద్రావణం పోసి వేడి చేస్తే రంగు మారుతుంది. నీలం అంటే చక్కెర లేదు, ఆకుపచ్చ అంటే కొంచెం, నారింజ అంటే ఎక్కువ, ఇటుక రంగు వస్తే చాలా ఎక్కువ. సీసాలు మోసేవాడు లేకపోతే డాక్టరుకు అంకె లేదు, అంకె లేకపోతే మోతాదు లేదు. మోసేవాళ్ల పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండవు. సుబ్బారావు గారి సంగతి వేరే కాబట్టి మనకు తెలిసింది.

ఆ రంగుల నుంచే ఒక పద్ధతి పుట్టింది. రంగును బట్టి ఇన్ని యూనిట్లు. 1934లో జోస్లిన్ రాసిన దాని నుంచే ఇది పాకిందని చెబుతారు. పేరు స్లైడింగ్ స్కేల్. రంగులు పోయి అంకెలు వచ్చాక కూడా పద్ధతి అదే ఉండిపోయింది. భోజనం ముందు వేలు పొడుస్తారు, 150 దాటితే ఇంత, 200 దాటితే ఇంత, 250 దాటితే ఇంకాస్త. 150 లోపు ఉంటే ఏమీ లేదు. రాసేవాడికి సులువు, చేసేవాడికి సులువు. రాత్రి రెండు గంటలకు చేరిన పేషెంటుకు కూడా ఒక్క లైనులో ఆర్డరు రాసేయొచ్చు. నాకు మొదటి రెండు రోజులు నడిచింది ఇదే.

దీంట్లో తప్పు ఎక్కడుందో మా సైట్ భాషలో చెబుతా. స్లాబు పోశాక క్యూరింగ్ ఎట్లా చేస్తాం? గోనె సంచులు పరిచి తడి ఆరకుండా చూస్తాం, ఎండ ఎక్కే ముందే ఇంకోసారి నీళ్లు కొడతాం. స్లైడింగ్ స్కేల్ అంటే పగులు కనిపించిన తర్వాత బకెట్టుతో నీళ్లు పోయడం. షుగర్ పెరిగేదాకా చూస్తుంది, పెరిగాక కొడుతుంది, తగ్గగానే ఆపేస్తుంది, మళ్లీ పెరుగుతుంది. రోజంతా మెట్లు ఎక్కి దిగినట్టే.

1997లో బాల్టిమోర్ డాక్టర్లు ఆస్పత్రి రికార్డులు తీసి చూస్తే, స్లైడింగ్ స్కేల్ ఒక్కటే నడిచిన వాళ్లలో షుగర్ బాగా పెరిగే ప్రమాదం, అసలు ఏ మందూ ఇవ్వని వాళ్ల కంటే మూడు రెట్లు ఉన్నట్టు తేలింది. అయినా అది పోలేదు. అరవై ఏళ్ల అలవాటు. "మా సీనియర్ ఇట్లనే చేసేటోడు" అనే మాట మన సైట్లలోనే కాదు, అక్కడా ఉంటుంది.

ఇప్పుడు పంపు సంగతి. మనకు పంపు అంటే కాంక్రీటు పంపే ముందు గుర్తొస్తుంది. ఆలోచన కూడా ఒకటే, బకెట్లతో మోయకుండా ఆగకుండా పారించడం. 1963లో లాస్ ఏంజెలెస్‌లో ఆర్నాల్డ్ కాడిష్ అనే డాక్టరు మొదటిది చేశాడు. వీపుకు తగిలించుకునే మూట అంత. దాన్ని మోసుకుని ఎవడూ బతకలేడు. 1970ల్లో బయోస్టేటర్ అనే మిషన్ వచ్చింది, మంచం పక్కన బీరువాలా నిలబడి పేషెంటు రక్తం తీసుకుంటూ షుగర్ చూసుకుంటూ ఇన్సులిన్ ఎక్కించేది. దానికి ఒక మనిషి ఎప్పుడూ కాపలా ఉండాలి కాబట్టి పరిశోధన దాటి పెద్దగా రాలేదు. అదే కాలంలో డీన్ కామెన్ అనే కుర్రాడు తల్లిదండ్రుల ఇంటి బేస్‌మెంట్లో చిన్న పంపు చేశాడు, ఆటోసిరంజ్ అని. 1978లో లండన్లో, 1979లో యేల్‌లో డాక్టర్లు చర్మం కింద సన్నగా ఇన్సులిన్ పారిస్తే షుగర్ నిలకడగా ఉంటుందని చూపించారు. 1983లో మినిమెడ్ పంపు మార్కెట్లోకి వచ్చింది.

కానీ ఒక సంగతి గమనించాలి. ఇవన్నీ ముందుగా టైప్ 1 వాళ్ల కోసం. ఆస్పత్రి వాళ్లు పేషెంటుకు పంపు పెట్టలేదు, పంపే పేషెంటు నడుముకు వేలాడుతూ ఆస్పత్రికి వచ్చింది. వార్డు నర్సులకు దాని బటన్లు తెలియవు. అందుకే ఆస్పత్రులు నియమాలు పెట్టుకున్నాయి. పేషెంటు తెలివిలో ఉండాలి, తనే నడుపుకోగలగాలి, కాగితం మీద సంతకం పెట్టాలి, ఎంత వేసుకున్నాడో నర్సుకు చెప్పాలి. ఎంఆర్ఐకి పోతే తీసేయాలి. మత్తులో ఉన్నా, అయోమయంగా ఉన్నా పంపు ఆపి సూదికి మార్చాలి.

నా పక్క మంచం పెద్దాయన కథ అదే. మూడో రోజు అడిగేశా, "మీకు మిషన్ ఎవరు ఇప్పించారు?" అని. నవ్వాడు. "నాకు పన్నెండేళ్లప్పటి నుంచీ షుగర్, టైప్ 1. ఈ పంపు నాది, ఇంటి నుంచి తెచ్చుకున్నా. వీళ్లు లాక్కోకుండా రోజూ సంతకాలు పెడుతున్నా" అన్నాడు. ఆ రాత్రే ట్యూబు మడత పడి పంపు గంట కొట్టింది. పంపులో ఉండేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే. అది ఆగితే టైప్ 1 మనిషికి కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికొస్తుంది. నర్సు పరుగెత్తుకొచ్చి సూది వేసింది. అంటే మిషన్ ఉన్నోడికి కూడా చివరికి సూదే దిక్కైంది ఆ రాత్రి.

మధ్యలో ఐసీయూలో ఒక పెద్ద ఊగిసలాట జరిగింది. త్వరగా చెబుతా. 2001లో బెల్జియంలోని లూవెన్‌లో, ఆపరేషన్ ఐసీయూలో 1548 మంది మీద, షుగర్‌ను మామూలు మనిషికి ఉండేంత కిందికి దించితే ఐసీయూ చావులు 8 శాతం నుంచి 4.6 శాతానికి తగ్గాయని తేలింది. ప్రపంచమంతా ఐసీయూలు షుగర్‌ను గట్టిగా కిందికి తొక్కడం మొదలుపెట్టాయి. 2009లో నైస్ షుగర్ అనే అధ్యయనంలో 6104 మందిని చూస్తే తిరగబడింది. గట్టిగా దించిన వాళ్లలోనే చావులు ఎక్కువ, 27.5 శాతం, రెండో గుంపులో 24.9. షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం 6.8 శాతం మందికి, అటు 0.5 మాత్రమే. అప్పటి నుంచి ఐసీయూలో ఎక్కువమందికి 140 నుంచి 180 మధ్య ఉంచితే చాలంటున్నారు. అందుకే నర్సు "170 ఉంది, బాగుంది" అంటే మనల్ని పట్టించుకోవడం లేదని కాదు. నేను మొదట అట్లాగే గొడవ పెట్టుకున్నా.

ఇక అసలు చోటికి వద్దాం, అట్లాంటా గ్రేడీ మెమోరియల్ ఆస్పత్రి. నేను ఉండే ఊరికి ముప్పావు గంట దారి. 1892లో తెరిచిన ఆస్పత్రి. తెల్లవాళ్లకు ఒక వైపు, నల్లవాళ్లకు ఒక వైపు, 1965 దాకా అట్లాగే నడిచింది. ఇప్పటికీ కొంతమంది పెద్దవాళ్లు దాన్ని ఒక్క ఆస్పత్రిగా కాకుండా "ద గ్రేడీస్" అని బహువచనంలో అంటారు, రెండు ఆస్పత్రులు ఒకే గోడ మధ్య ఉన్నాయని. డబ్బు లేనివాళ్లు, ఇన్సూరెన్సు లేనివాళ్లు పోయే ఆస్పత్రి. మన గాంధీ, ఎంజీఎం లాంటిదనుకోండి.

అక్కడ ఎమరీ యూనివర్సిటీ డాక్టరు గియెర్మో ఉంపియెర్రెజ్, ఆయన టీం, మయామీలోని జాక్సన్ మెమోరియల్ ఆస్పత్రితో కలిసి 2007లో ఒక అధ్యయనం బయటపెట్టారు. పేరు రాబిట్ 2. మామూలు వార్డులో చేరిన 130 మంది టైప్ 2 పేషెంట్లు, అంతకుముందు ఇన్సులిన్ వాడనివాళ్లు. సగం మందికి పాత స్లైడింగ్ స్కేల్. మిగతా సగం మందికి వేరే లెక్క. బరువును బట్టి రోజు మొత్తం మోతాదు ముందే వేస్తారు. షుగర్ 200 లోపు ఉంటే కిలోకు 0.4 యూనిట్, అంతకంటే ఎక్కువైతే 0.5. దాంట్లో సగం ఇరవై నాలుగు గంటలు నిదానంగా పనిచేసే ఇన్సులిన్, రోజుకు ఒక్క సూది. మిగతా సగం మూడు భాగాలు చేసి మూడు పూటల తిండి ముందు త్వరగా పనిచేసేది. దీన్నే బేసల్ బోలస్ అంటారు. 80 కిలోల మనిషికి 40 యూనిట్లు అనుకుంటే, 20 ఒకటే సూదిలో, మిగతా 20 మూడు పూటలకు దాదాపు ఏడేసి. ఇది ఆ అధ్యయనం లెక్క సుమా. వయసు మీద పడినవాళ్లకు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు తక్కువ ఇస్తారు. దీన్ని చూసి ఎవరూ తమ మోతాదు మార్చుకోవద్దు.

ఫలితం చూడండి. 140 లోపుకు షుగర్ తెచ్చుకున్నవాళ్లు కొత్త పద్ధతిలో 66 శాతం, పాత పద్ధతిలో 38. స్లైడింగ్ స్కేల్ గుంపులో 9 మందికి ఎంత పెంచినా 240 దిగలేదు. వాళ్లను కొత్త పద్ధతికి మారిస్తే దిగింది. షుగర్ పడిపోవడం కొత్త పద్ధతిలో ఎక్కువేమీ కాలేదు. 2011లో ఆపరేషన్ పేషెంట్లు 211 మంది మీద మళ్లీ చూశారు. పుండు చీము పట్టడం, న్యుమోనియా, కిడ్నీ దెబ్బ లాంటివన్నీ కలిపి పాత పద్ధతిలో 24.3 శాతం మందికి వస్తే, కొత్త దాంట్లో 8.6 శాతానికే వచ్చాయి. అదే సీసా ఇన్సులిన్, అదే సూది. మారింది ఎప్పుడు, ఎంత అన్న లెక్క ఒక్కటే.

కువైట్ తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. మీ క్యాంపు అన్నకు పెడుతున్న నాలుగు సూదులు చాలావరకు ఇవే అయి ఉంటాయి, పూటకొకటి మూడు, నిదానంది ఒకటి. అది పేదోడని చేసే వైద్యం కాదు. అట్లాంటాలో పేదవాళ్ల ఆస్పత్రిలో నిగ్గుతేలి పెద్ద పెద్ద ఆస్పత్రులు నేర్చుకున్న వైద్యం. నాకు కూడా మూడో రోజు షుగర్ డాక్టరు వచ్చి దీనికే మార్చింది. అంతకుముందు ఒక్క పూట కూడా 250 దిగనిది, రెండు రోజుల్లో 160లకు వచ్చింది. మొదటి రోజే మార్చి ఉంటే వేలు మిగిలేదా అని ఇంటామెను అడిగా. "ఎవరికి తెలుసు, నాలుగు రోజులు బూటులో దాచుకున్నది నువ్వు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మరి పంపును, రోజువారీ సూదులను టైప్ 2 వాళ్లలో పక్కపక్కన పెట్టి ఎవరూ చూడలేదా? చూశారు. 2008లో చైనాలోని తొమ్మిది కేంద్రాల్లో, జబ్బు కొత్తగా బయటపడిన 382 మందిని మూడు గుంపులు చేశారు. ఒకరికి పంపు, ఒకరికి రోజూ సూదులు, ఒకరికి మాత్రలు. షుగర్ అదుపులోకి రావడానికి పంపుతో సగటున 4 రోజులు, సూదులతో 5.6, మాత్రలతో 9.3. అదుపులోకి వచ్చాక రెండు వారాలు ఉంచి అన్నీ ఆపేశారు. ఏడాది తర్వాత ఏ మందూ లేకుండా షుగర్ నిలిచినవాళ్లు పంపు గుంపులో 51.1 శాతం, సూదుల గుంపులో 44.9, మాత్రల గుంపులో 26.7. పంపుకు, సూదికి మధ్య తేడా కొంచెమే. పెద్ద తేడా ఇన్సులిన్ తొందరగా మొదలుపెట్టడానికి, పెట్టకపోవడానికి మధ్య.

ఈ అంకెలు నేను రెండుసార్లు చదివా. మస్కట్‌లో నా రూమ్మేట్ ఒకడు ఉండేవాడు, సిరిసిల్ల పక్క వాడు. డాక్టరు ఇన్సులిన్ రాస్తే చీటీ చింపేశాడు. "సూది మొదలైతే సచ్చేదాకా ఇడువదురా" అనేవాడు. మెంతుల నీళ్లు తాగేవాడు, మెడికల్ ముందు వారం అన్నం మానేసేవాడు. కాలు మోకాలు దాకా తీశాక ఇంటికి పోయాడు. ఆయనకు అప్పుడు ముప్పై తొమ్మిది. చైనా వాళ్లలో సగానికి దగ్గర దగ్గర మంది ఇన్సులిన్ మొదలుపెట్టి, ఆపేసి, ఏడాది మందు లేకుండా ఉన్నారని అప్పుడు చెప్పగలిగి ఉంటే వినేవాడా? ఏమో. మొండివాడే. జబ్బు పాతబడిన వాళ్లకు అట్లా ఆగడం కష్టమని కూడా చెప్పాలి. కానీ ఆస్పత్రిలో మొదలైన ఇన్సులిన్ అందరికీ జీవితాంతం ఉంటుందనేది మాత్రం నిజం కాదు. ఇన్ఫెక్షన్ తగ్గాక చాలామంది తిరిగి మాత్రల మీదికి వస్తారు.

ఇళ్లలో ఉండే టైప్ 2 వాళ్ల మీద 2014లో ఇంకోటి వచ్చింది, అమెరికా కూడా ఉంది దాంట్లో. ఎన్ని సూదులు వేసినా దిగని 331 మంది. ఆరు నెలల్లో ఏ1సీ పంపుతో 1.1 తగ్గింది, సూదులతో 0.4. అంటే కొంతమందికి పంపు నిజంగానే పనికొస్తుంది.

ఆస్పత్రి వార్డులో మాత్రం మామూలు పంపు కాదు, తనంతట తను చూసుకుని ఇచ్చే పంపే ఆట మార్చింది. చర్మం మీద సెన్సర్ కొన్ని నిమిషాలకోసారి షుగర్ చూస్తుంది, ఆ అంకెను బట్టి పంపు ఎక్కువ తక్కువ చేసుకుంటుంది. పాత బయోస్టేటర్ బీరువాయే, జేబులోకి వచ్చిందన్నట్టు. 2018లో ఇంగ్లండ్, స్విట్జర్లాండ్ ఆస్పత్రుల్లో 136 మంది పేషెంట్లకు పెట్టి చూశారు. రోజులో షుగర్ 100 నుంచి 180 మధ్య ఉన్న సమయం ఆ పంపుతో 65.8 శాతం, మామూలు సూదులతో 41.5. షుగర్ పడిపోవడం పెరగలేదు. ఏం తింటున్నావో దానికి చెప్పాల్సిన పని కూడా లేదు. ఆస్పత్రి భోజనం ఎప్పుడొస్తుందో, తింటామో తినమో తెలియని చోట అది చిన్న సంగతి కాదు.

అమెరికాలో సెన్సర్లు వార్డులోకి వచ్చింది కోవిడ్ వల్ల. 2020లో ఎఫ్‌డీఏ అడ్డు చెప్పకుండా వదిలింది. ఇంటామె ఆ రోజులు ఇప్పటికీ చెబుతుంది. గంటకోసారి గదిలోకి పోయి వేలు పొడవాలంటే ప్రతిసారీ సూటు, మాస్కు, గ్లోవ్స్ అన్నీ మార్చాలి. సెలైన్ పంపులకు పొడుగు ట్యూబులు వేసి తలుపు బయట వరండాలో పెట్టుకున్నారట. సెన్సర్ అంకె బయటి నుంచే కనిపిస్తే ఒక్కో షిఫ్టుకు ఎన్నిసార్లు మిగిలాయో ఆమె చేతి వేళ్ల మీద లెక్కపెట్టింది నాకు. తర్వాత 2024 ఆగస్టులో ఎఫ్‌డీఏ ఇట్లా తనంతట నడిచే పంపును టైప్ 2 పెద్దవాళ్లకు కూడా మొదటిసారి ఒప్పుకుంది. 2025లో మరో అధ్యయనం, 319 మంది, పంపుతో ఏ1సీ 8.2 నుంచి 7.3కి, పాత పద్ధతిలో 8.1 నుంచి 7.7కి. ఇదీ ఇంటి దగ్గర వాడేవాళ్ల మీదే. ఆస్పత్రి మంచానికి మంచానికీ ఇది రావాలంటే ఖర్చు ఉంది, నేర్చుకున్న నర్సులు కావాలి. అప్పటిదాకా సరిగ్గా లెక్కకట్టి వేసిన నాలుగు సూదులను చిన్నచూపు చూడాల్సిన పని లేదు, స్లైడింగ్ స్కేల్ ఒక్కటే రోజుల తరబడి నడుస్తుంటే మాత్రం "నిదానంది కూడా ఇస్తున్నారా?" అని డాక్టర్ను అడగొచ్చు. అడగడం తప్పు కాదు. నేను రెండు రోజులు అడగలేదు.

ఇదంతా రాసి పెట్టుకున్నాక మొన్న కువైట్ తమ్ముడి నుంచి మళ్లీ మెసేజ్. క్యాంపు అన్న డిశ్చార్జి అయ్యాడు, కాలు నిలిచింది, రాత్రి పూట ఒక్క సూది, రెండు మాత్రలు రాశారు. వచ్చే నెల లీవు మీద ఊరికి పోతున్నాడు. "ఈడి మందు సీసా తీస్కపోతడు, సిరంజీలు ఊర్లె కొంటడట, నడుస్తదా?" అని అడిగాడు.

నడవదు తమ్ముడూ, ఇది ఆగి వినండి. అమెరికాలో కూడా ఒకప్పుడు రకరకాల బలాల ఇన్సులిన్ సీసాలు ఉండేవి, తికమకతో పొరపాట్లు జరిగేవి. 1970ల్లో ఒక మిల్లీలీటరుకు 100 యూనిట్ల సీసా తెచ్చి, మెల్లగా మిగతావి తీసేశారు. గల్ఫ్‌లో కూడా ఎక్కువగా అదే దొరుకుతుంది. మన దేశంలో మాత్రం సీసాలు చాలావరకు ఇప్పటికీ 40 యూనిట్లవే, మెడికల్ షాపులో ఇచ్చే సిరంజి కూడా దానిదే, ఎర్ర మూతది. 100 యూనిట్ల సీసాకు నారింజ మూత సిరంజి. బయటి దేశం సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 20 కాదు, 50. ఆ రాత్రి నిద్రలోనే షుగర్ పడిపోతుంది. తిరగేస్తే, మన సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 లాగితే పోయేది 8 మాత్రమే. ఇంకొకటి, కొన్ని దేశాల్లో షుగర్ అంకె 9, 10 అని వస్తుంది. భయపడొద్దు, తక్కువని సంబరపడొద్దు కూడా. దాన్ని 18తో గుణిస్తే మన అంకె వస్తుంది, 10 అంటే 180.

అన్న సీసా మీద ఏ అంకె రాసి ఉందో ఫొటో తీసి పంపమని చెప్పా. ఇంకా పంపలేదు. తమ్ముడూ, ఇది చదువుతుంటే ముందు ఆ ఫొటో పంపు.